వాముని పైనుంచి లాగరండి

“అలా పైనుంచి లాగేస్తే వామంతా కుళ్లిపోద్దండి,” అన్నాడు సత్తిబాబు.

పొద్దుట్నుంచి మాతో ఇంగ్లీషులో తప్ప నోరు విప్పని కమిటీ చైర్మన్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నేను మూలన టైపు మిషను ముందు కూర్చుని, దీన్ని ఇంగ్లీషులో ఎలా కొట్టాలో తెలియక వేళ్లు గాల్లో పెట్టుకుని ఉన్నాను.

“ఏ వాము?” అన్నారాయన. తెలుగులో.

“గడ్డివామండి. ఎవరైనా పక్కనుంచే లాగుతారండి, చుట్టూ తిరిగి సమంగా. పైన చెయ్యి పెట్టరండి. పైకప్పు చెదిరిందంటే వాన నీళ్లు లోపలికి దిగిపోతాయండి.”

“మాది అమలాపురం పక్కన. వాము సంగతి నాకు చెప్తున్నావా?”

“ఆయ్, చెప్పట్లేదండి. మీరు అడిగారు కదండి.”

సత్తిబాబు అప్పట్లో మా కాలేజీలో బియస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం. పిఠాపురం దగ్గర పల్లెటూరు, వ్యవసాయదారుల ఇల్లు, తెలుగు మీడియం. పరీక్షలో ప్రశ్న ఏంటంటే, స్టాకు అనగానేమి, అందులోంచి వస్తువును ఎటువైపు నుంచి తీయుదురు. ఇది కొట్లో సరుకు స్టాకు కాదు, కంప్యూటర్లో వివరాలు దాచే ఒక పద్ధతి. సరైన జవాబు చిన్నది. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే స్టాకు. చివర పెట్టింది ముందు వస్తుంది. తీస్తే పైనుంచే తీయాలి. సత్తిబాబు మాత్రం, స్టాకు అనగా వాము, దానిని పైనుంచి ఎన్నడూ తీయరాదు, పక్కనుంచి తీయవలెను అని ఒక పేజీ రాశాడు. వాడొక్కడే కాదు, తెలుగు మీడియం సెక్షను దాదాపు అంతా అదే రాసింది. పేపర్లు దిద్దిన వాళ్లు అందరికీ సున్నాలు వేశారు. ఇదేదో సామూహికంగా కాపీ కొట్టిన వ్యవహారమని యూనివర్సిటీ వాళ్లకి అనుమానం వచ్చింది. ఎలాగూ సిలబస్ మార్చే ఏడాదే కాబట్టి, రెండు పనులూ ఒకేసారి తేల్చెయ్యమని కమిటీని పంపించారు.

చైర్మన్ గారు సత్తిబాబు పేపరు మళ్లీ చదివారు.

“వాము గురించి వీడు రాసిందాంట్లో తప్పు లేదు. స్టాకు గురించి రాసిందాంట్లో ఒప్పు లేదు. ఇప్పుడు సున్నా ఎవరికి వెయ్యాలి?”

“నాకండి,” అంది పాఠం చెప్పిన శారద మేడమ్.

*ఈ కుర్చీలో అసలు పని*

కాసేపు వాళ్లనక్కడే ఉంచి నా సంగతి చెప్తాను. నేను కంప్యూటర్ డిపార్టుమెంటులో టైపిస్టుని. పేరు భవాని. మా నాన్నకి సామర్లకోటలో కిరాణా కొట్టు. నేను చదివింది పదో తరగతి, ఆ పైన టైపు హయ్యరు. ఈ నెలాఖరుకి మానేస్తున్నాను. పెళ్లి కుదిరింది, తణుకు వెళ్లిపోతాను. మొన్న స్టాఫ్ రూములో సభ పెట్టి, శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, వీరి సేవలు చిరస్మరణీయం అన్నారు. ఇరవై ఆరేళ్లకే ఆ మాట అనిపించుకున్నాక రిటైరైనట్టే. అందుకే రిటైరైన పెద్దవాళ్లలాగా నాలుగు ముక్కలు రాస్తున్నాను, నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే అమ్మాయికీ, కొత్తగా పాఠాలు చెప్పడానికొచ్చే వాళ్లకీ.

ఇక్కడ పనంటే టైపు కొట్టడమనుకుంటారు. అది చేతులు చేసే పని. చెవులు చేసే పని ఇంకోటుంది. సిలబస్ ఎలా పుడుతుందో, ఎవరికి ఎవరి మీద కోపం వస్తే ఏ పాఠం ఎగిరిపోతుందో ఈ కుర్చీలోంచి వినపడినంత బాగా ప్రిన్సిపాలు గారి గదిలో కూడా వినపడదు. నా ముందు అందరూ ధైర్యంగా మాట్లాడేవారు. టైపు మిషను చప్పుడులో నాకు వినపడదని వాళ్ల నమ్మకం. నేనా నమ్మకాన్ని చెడగొట్టలేదు. మీరూ చెడగొట్టకండి.

మా మొదటి సిలబస్ ఎక్కడిదో ఒక పెద్ద ఊరి సిలబస్. దాన్ని ఉన్నది ఉన్నట్టు దింపారు. అందులో చిల్లులు పొడిచిన అట్టముక్కల్ని చదివే కార్డు రీడరు మీద ప్రాక్టికల్ ఉంది. మాకు కార్డు రీడరు లేదు. ఉన్నవాళ్లని కూడా మేం ఎరగం. అయినా రికార్డు పుస్తకంలో బొమ్మ వెయ్యాలి కాబట్టి పిల్లలు వేశారు. ఒకడిది రేషను షాపు కాటాలా ఉంది, ఇంకొకడిది కుట్టు మిషనులా ఉంది. బయటి నుంచొచ్చిన ఎగ్జామినరు గారు అన్నింటికీ సంతకం పెట్టారు. టీ ఇచ్చినప్పుడు నెమ్మదిగా నన్నడిగారు, “ఇందులో ఏది కరెక్టమ్మా?” అని. కుట్టు మిషను బావుందండి అన్నాను. లేని యంత్రం మీద ప్రాక్టికల్ పెట్టడం మానలేకపోతే, దాని ఫొటో అయినా తెప్పించండి.

ఇంకోసారి ప్రెస్సులో అచ్చుతప్పు పడి సార్టింగ్ కాస్తా షార్టింగ్ అయింది. సార్టింగ్ అంటే అంకెల్ని వరసలో పెట్టడం. షార్టింగ్ చూసి ఫిజిక్స్ మాస్టారు ఇది నా పాఠమని లాక్కుని, రెండు క్లాసులు కరెంటు షార్టు సర్క్యూట్ చెప్పేశారు. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. ఒక్కడు కూడా లేచి, ఇది కంప్యూటర్ పేపరు కదండి అనలేదు. ఎందుకనలేదురా అని తర్వాత అడిగితే, “కంప్యూటర్‌కి కరెంటు కావాలి కదండి,” అన్నారు. నేనా రోజు నవ్వుకున్నాను. వాము దెబ్బ తగిలాక గానీ అర్థం కాలేదు. మన పిల్లలు మనం ఇచ్చిన మాటని అనుమానించరు. ఏ మాట ఇస్తే ఆ మాట పట్టుకుని చివరిదాకా పోతారు.

*మూర్తి మాస్టారు*

డిపార్టుమెంటు హెడ్డు మూర్తి మాస్టారు. ఆయన అసలు లెక్కల మాస్టారు. హైదరాబాదులో కొద్ది వారాల ట్రైనింగుకి పంపితే వెళ్లొచ్చారు. తిరిగొచ్చేసరికి ఆయన గది తలుపు మీద కొత్త బోర్డు ఉంది. లెక్కలు చెప్పేటప్పుడు ఆయన సింహం. సుద్దముక్క పట్టుకుంటే బోర్డు వణికేది. కంప్యూటర్ దగ్గరికొస్తే మాత్రం, ఒక మీట నొక్కి, కాలే పెనం తాకినట్టు చెయ్యి వెనక్కి తీసేసుకునేవారు. మిషను కూయ్ మందంటే, “నేనేం చెయ్యలేదు, నేనేం చెయ్యలేదు,” అని గోడకేసి నడిచేవారు.

పిల్లలకి మిషను ముందు కూర్చునే వంతు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. అందుకని మీటల పలక బొమ్మ అట్ట మీద గీయించి ఇంటి దగ్గర ప్రాక్టీసు చెయ్యమనేవారు. అట్ట మీద చాలా వేగంగా కొట్టేవాళ్లు. ఒక్క తప్పు పోయేది కాదు. నిజం మిషను ముందుకొచ్చాక మాత్రం అక్షరం ఎక్కడుందో వెతుక్కునేవాళ్లు. పాపమని మధ్యాహ్నం పూట నా టైపు మిషను మీద కొంతమందిని కూర్చోబెట్టేదాన్ని. మామిడి తాండ్ర తెచ్చినవాళ్లని ముందు కూర్చోబెట్టేదాన్ని. అది లంచమనే అనుకోండి, నాకేం బాధ లేదు.

మూర్తి మాస్టారు చెడ్డవారు కాదు. ఆయన భయం ఒక్కటే, పాసైనవాళ్ల శాతం. ఎక్కడ పిల్లలు ఎక్కువమంది తప్పితే అక్కడ గ్రూపు ఎత్తేస్తారని ఆయనకి నిద్ర పట్టేది కాదు. భయపడే బాసు దగ్గర పనిచెయ్యడం కోప్పడే బాసు దగ్గరకంటే కష్టం. కోపిష్టి సాయంత్రానికి చల్లబడతాడు. భయస్తుడు రాత్రంతా ఆలోచించి పొద్దున్నే కొత్త రూలుతో వస్తాడు.

ఆ కొత్త రూలే నా మెడకి చుట్టుకుంది.

*స్టెన్సిల్ మీద ఒక లైను*

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే మాస్టారు ఒక కాగితం ఇచ్చి, “ఇది స్టెన్సిల్ కొట్టి ఉంచమ్మా, సాయంత్రం కమిటీ సంతకం అవగానే కాపీలు తిప్పేద్దాం,” అన్నారు. స్టెన్సిల్ అంటే మైనం కాగితం, టైపు కొట్టిన చోట మైనం చిట్లి, మిషను మీద తిప్పితే ఆ చీలికల్లోంచి సిరా దిగి కాపీలు పడతాయి. ఇచ్చింది కొత్త సిలబస్ మొదటి పేజీ. అందులో ఎవరెవరు చేరవచ్చు అన్న చోట ఒక కొత్త లైను ఉంది. ఇంటరు ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకి మాత్రమే ఈ గ్రూపులో సీటు.

మా చెల్లి లలిత అప్పుడు ఇంటరు రెండో ఏడు, తెలుగు మీడియం. లెక్కల్లో మా ఇంట్లో ఎవరికీ లేని తెలివి దానిది. నా దగ్గర కంప్యూటర్ కబుర్లు వినీ వినీ, డిగ్రీ చేరితే ఇందులోనే అని కూర్చుంది. మా నాన్న కూడా ఎప్పుడూ ఆడపిల్లల చదువు సంగతి మాట్లాడని మనిషి, “అక్క ఉంది కదా కాలేజీలో, చేరనీ,” అన్నాడు.

“మాస్టారూ, ఈ లైను కమిటీ ఒప్పుకుందాండి?” అన్నాను.

“ఒప్పుకోకేం? అందరూ వాము అని రాసుకొచ్చాక ఇంకేం మాట్లాడతారు? నేను మాత్రం ఎక్కడని మొయ్యనమ్మా వీళ్లని. పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మిషను మాట్లాడేది ఇంగ్లీషు. రేపు ఉద్యోగం తెలుగులో ఇస్తారా?”

“మా చెల్లిది తెలుగు మీడియమండి.”

“మీ చెల్లెలికి బోటనీ బావుంటుందమ్మా,” అన్నారు.

ఆ లైను కొట్టకుండా వదిలేస్తేనో అనిపించింది. కానీ మాస్టారు స్టెన్సిల్‌ని దీపానికి అడ్డం పెట్టి, వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం చదువుతారు. అందుకని కొట్టాను. ఎంత గట్టిగా కొట్టానంటే, సున్నాలా ఉండే ఇంగ్లీషు అక్షరాలన్నీ మైనం కాగితంలో చిల్లులై ఊడిపోయాయి.

ఇంతలో కమిటీ కారు వచ్చింది. చైర్మన్ గారు, ఆయనతో గుప్త గారని స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు. ఇద్దరూ ఇంగ్లీషు. నమస్కారానికి కూడా గుడ్ మార్నింగ్. నేను మంచినీళ్ల గ్లాసులతో వరండాలోకి వచ్చేసరికి చైర్మన్ గారు వెనక్కి తిరిగి డ్రైవరుతో, “ఏంటయ్యా, ఎండలో పెట్టేశావేంటి బండి? ఆ నీడలోకి తోలు,” అంటున్నారు. ఆ ‘తోలు’ వినగానే ఇది మన డెల్టా నోరే అనుకున్నాను.

బయట బెంచీ మీద సత్తిబాబు. కమిటీ ప్రశ్నలడగడానికి పిలిపించారు వాణ్ణి. ఇంగ్లీషులో చెప్పాల్సినవి చేతి మీద రాసుకున్నాడు, చెమటకి అన్నీ అలుక్కుపోయాయి.

“ఏం చెప్పాలి భవానక్కా?”

“అడిగిందానికి చెప్పు.”

“ఇంగ్లీషులో అడుగుతారు కదా.”

“అడగనీ. నువ్వు తెలుగులోనే చెప్పు. ఆయన ఇందాక డ్రైవర్ని తెలుగులోనే తిట్టాడు.”

అలా తెలుగులో మొదలైంది వాము.

*వాము ఎక్కడి నుంచి వచ్చింది*

సున్నా నాకే వెయ్యమని శారద మేడమ్ అన్నదాకా చెప్పాను కదా. ఆవిడ అప్పటికి చేరి రెండో ఏడు. తాత్కాలిక ఉద్యోగం. బోర్డు మీద ఇంగ్లీషు రాసి, నోటితో తెలుగులో చెప్పేది. ఆవిడ క్లాసంటే పక్క గ్రూపుల పిల్లలు కూడా కిటికీ దగ్గర నిలబడేవాళ్లు.

“వాము అని మీరే చెప్పారా?” అన్నారు చైర్మన్ గారు.

“చెప్పానండి. డిక్షనరీలో చూశాను. స్టాకు అంటే వాము అనుంది.”

“వాముని ఎప్పుడైనా చూశారా?”

“చూశానండి. రైల్లోంచి.”

గుప్త గారికి పొలమారింది. శారద మేడమ్ పుట్టి పెరిగింది రాజమండ్రి మెయిన్ రోడ్డులో. ఆవిడ దృష్టిలో వాము అంటే ఒకదాని మీద ఒకటి వేసిన గడ్డి, అంతే. పేర్చడం దాకా సరిపోయింది. తీయడం గురించి ఆవిడకి తెలియదు. పిల్లలకి తెలుసు. వాళ్లు పుట్టినప్పట్నుంచి పొద్దునా సాయంత్రం గడ్డి లాగినవాళ్లు. ఆవిడ పైనుంచి తీయాలి అని క్లాసులో చెప్పినప్పుడు, మేడమ్‌కి వ్యవసాయం తెలియదులే అని మర్యాదగా ఊరుకున్నారట. పరీక్షలో మాత్రం తప్పు రాయకూడదని నిజం రాశారు.

“మరి నాతో చెప్పొచ్చు కదా సత్తిబాబూ,” అంది మేడమ్.

“బావుండదండి, మీరు అంత బాగా చెప్తుంటేని.”

ఇక్కడ నా నోరు ఊరుకోలేదు. “బస్తాల నెట్టు అని చెప్పాల్సిందండి. మా కొట్లో బస్తా మీద బస్తా పేరుస్తారు, పైదే ముందు దించాలి,” అన్నాను మూలనుంచి.

అందరూ నా వైపు తిరిగారు. గుప్త గారు కుర్చీ నా వైపు జరుపుకుని ఎంతో ప్రేమగా, “ఏం కొట్టమ్మా మీది?” అన్నారు.

“కిరాణా అండి.”

“మాదీ కొట్టే. మా నాన్న అయితే పాత సరుకు అమ్మకుండా కొత్త బస్తా విప్పితే చెయ్యి విరగ్గొట్టేవాడు. మీ నాన్నగారు కొత్త బస్తా ముందు అమ్ముతారా?”

“అమ్మరండి. నెట్టు దింపించి అడుగు బస్తా తీయిస్తారండి.”

“ఎందుకు?”

“పురుగు పట్టేస్తుందండి.”

“అంటే నీ నెట్టు కూడా కుళ్లిపోద్ది,” అన్నారు గుప్త గారు. సత్తిబాబు కూడా నవ్వాడు. వాడి తరపున మాట్లాడదామని వెళ్తే వాడే నవ్వాడు. నేను బుద్ధిగా మిషను వైపు తిరిగాను.

*పనసపొట్టు కూర, చీరలు, గాజులు*

భోజనానికి లేచాక కూడా ఆ తగువు వదల్లేదు. పొద్దుట్నుంచి బిగదీసుకున్న ఇద్దరు ప్రొఫెసర్లు, ఒకసారి తెలుగు మొదలయ్యాక, సెలవులకి ఇంటికొచ్చిన పిల్లల్లా అయిపోయారు. కనపడిన ప్రతిదాన్నీ ఇది స్టాకేనా అని చూడటమే.

పళ్లాల గుట్ట దగ్గర చైర్మన్ గారు, “ఇదిగో, పైది తీస్తాడు చూడు,” అన్నారు. వడ్డించేవాడు పై పళ్లెం మీద నీళ్లున్నాయని దాన్నొదిలేసి రెండోది లాగాడు. గుప్త గారు చప్పట్లు కొట్టారు.

పనసపొట్టు కూర వడ్డించేటప్పుడు మూర్తి మాస్టారు కూడా దిగారు. “బట్టల కొట్లో చీరల దొంతర అండి. అది ఖచ్చితంగా స్టాకు,” అన్నారు.

శారద మేడమ్ తల అడ్డంగా ఊపింది. “మాస్టారూ, మీరెప్పుడూ చీర కొనలేదా? మేం పై చీర అడుగుతామా? కిందనుంచి మూడోది తియ్యమంటాం. ఉప్పాడలో ఒకాయన దొంతర కదలకుండా మధ్య చీర లాగుతాడు. ఇదిగో, ఈ చీర అలా లాగిందే.”

“మా ఆవిడ కొంటుందమ్మా, నేను బయట నిలబడతాను,” అన్నారు మాస్టారు.

చెయ్యి కడుక్కుంటున్నప్పుడు మేడమ్ ఆగిపోయింది. తడి చెయ్యి పైకెత్తి చూసుకుంది. “గాజులండి,” అంది. “ముందు వేసుకున్నది పైకి పోతుంది. చివర వేసుకున్నది అడ్డం తియ్యకుండా అది రాదు. మధ్యనుంచి లాగడం దేవుడి తరం కూడా కాదు.”

చైర్మన్ గారు ఆవిడ చేతి వైపు చూస్తూ నిలబడ్డారు. కుళాయి అలాగే పోతోంది. ఇది నిలిచింది అనుకున్నాం అందరం.

“మధ్య గాజు చిట్లితే?” అన్నారు గుప్త గారు.

మేడమ్‌కి ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. “ఒక్కదాన్నీ ఉండనివ్వరాండి మీరు?”

“ఉండనివ్వకూడదు,” అన్నారు చైర్మన్ గారు కుళాయి కట్టేస్తూ. ఆ తర్వాత ఆయన అన్నది నేను ఎవరూ అడక్కుండానే వెళ్లి టైపు కొట్టుకున్నాను. లోకంలో ఏ వస్తువూ పూర్తిగా స్టాకు కాదు, ఏ పోలికైనా ఒక చోట చిట్లుతుంది, అది ఎక్కడ చిట్లుతుందో చెప్పగలిగినవాడికి పాఠం వచ్చినట్టు అని.

*తేలింది ఇలా*

మధ్యాహ్నం మళ్లీ కూర్చున్నాక ఆయన ఇంగ్లీషు మీడియం పిల్లలిద్దర్ని పిలిపించారు. పేపర్లో ఇద్దరికీ మంచి మార్కులు. స్టాకు అంటే ఏంటి అంటే ఇద్దరూ గడగడా ఒకటే వాక్యం చెప్పారు, గైడులో ఉన్నది. ఒక ఉదాహరణ చెప్పండి అంటే మొదటివాడు అదే వాక్యం ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. రెండోవాడు మొదటివాడి వైపు చూశాడు.

“మూర్తి గారూ, ఆ మీడియం లైను తీసెయ్యండి,” అన్నారు చైర్మన్ గారు.

“అయ్యా, మళ్లీ వచ్చే ఏడు అందరూ తప్పితే? గ్రూపు ఎత్తేస్తారండి.” మాస్టారిది నటన కాదు, నిజం భయం. నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం సగం పోయింది.

“తప్పినవాళ్లు మళ్లీ రాస్తారు. సత్తిబాబు సున్నా సున్నాయే, నేను మార్చను. కానీ ప్రశ్న మారుస్తాను. స్టాకు అనగానేమి అని అడగం. మీ ఇంట్లోంచి ఒక ఉదాహరణ ఇవ్వండి, అది ఎక్కడ సరిపోదో కూడా రాయండి అని అడుగుతాం. ప్రతి పాఠానికీ అలాంటిదొకటి. ప్రాక్టికల్లో కూడా నోటితో అడగాలి, ఏ భాషలో చెప్పినా వినాలి. మేడమ్, మీరు ఏదైనా తెలుగు మాట పెట్టేముందు, దాంతో బతికేవాడు క్లాసులో ఉన్నాడేమో అడగండి.”

“అడుగుతానండి.”

“గట్టిగా అడగండి. వీళ్లకి మర్యాద ఎక్కువ.”

కొత్తగా పాఠాలు చెప్పబోయేవాళ్లకి నేను చెప్పేది కూడా అదే. తలూపుతున్న క్లాసుని నమ్మకండి. మా వైపు తల ఊపడమంటే అర్థమైందని కాదు, మీరు బాధపడకూడదని. ఇక సిలబస్ బాగుచెయ్యడమంటే కొత్త పాఠాలు ఎక్కించడమనుకునేవాళ్లని చాలామందిని చూశాను. ఏం అడుగుతామో మారిస్తే చాలాసార్లు పాఠం తనంతట తనే మారుతుంది. ఆ ప్రశ్న వచ్చాక గైడు పుస్తకాలవాళ్లు ఒక ఏడాది ఏం అచ్చెయ్యాలో తెలియక తికమకపడ్డారు. రెండో ఏడు మేడమ్ గాజుల్ని అచ్చేశారు, అందరూ గాజులే రాశారు, మగపిల్లలతో సహా. అప్పుడు మళ్లీ ప్రశ్న మార్చాల్సి వచ్చింది. ఈ పనికి అంతం ఉండదు, ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కారు వెళ్లిపోయాక మాస్టారు స్టెన్సిల్ నా బల్ల మీద పెట్టారు. “ఆ లైను మీద ఎర్ర ఫ్లూయిడు పూసెయ్యమ్మా, సరిపోద్ది. రేపు తిప్పేద్దాం.” వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “బోటనీ కూడా మంచిదే కానీ,” అని ఇంకేం అనకుండా వెళ్లిపోయారు.

పూశాను. ఇంటికెళ్లి లలితకి చెప్పాను. అది పెరట్లో బట్టలు ఆరేస్తూ వింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను.

“అయితే చేరొచ్చన్నమాట,” అంది.

“చేరతావా?”

“చేరతానో లేదో నేను చూసుకుంటాను. వద్దనడానికి వాళ్లెవరంట?”

“ఇప్పుడు ఎవరూ అనట్లేదే.”

“వాళ్లు రాసుకున్నది పోయిందా, పైన ఏదో పూశారా?”

దానికి స్టెన్సిల్ సంగతి తెలియదు, ఊరికే అంది. కానీ నాకు తెలుసు. కొట్టిన అక్షరాల్ని పూడ్చే ఆ ఫ్లూయిడు ఎండాక పెళుసు. కాపీలు తిప్పగా తిప్పగా పగిలి, కొట్టేసిన లైను సన్నగా మళ్లీ కాగితం మీద తేలడం నేను చాలాసార్లు చూశాను. ఇంకో హెడ్డు వచ్చి, ఓహో ఇక్కడేదో రూలు ఉన్నట్టుందే అని కళ్లజోడు సవరించుకుంటే చాలు.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే వచ్చి, ఆ స్టెన్సిల్ని అడ్డంగా చింపి చెత్తబుట్టలో పడేసి, కొత్తది ఎక్కించి, పేజీ అంతా మొదట్నుంచి మళ్లీ కొట్టాను. కింది లైనుని పైకి జరిపాను, అక్కడ ఏదో ఉండేదని చెప్పే ఖాళీ కూడా మిగలకుండా.